బస్సు లేకపోతే బస్సు అడగాలి, గ్రూపు మార్చకూడదు: పిల్లలకు కెరీర్ సలహాలిచ్చే వారికి బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠశాల విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, పదో తరగతి క్లాస్ టీచర్లకు, జూనియర్ కళాశాలల అధ్యాపకులకు, బడులకు వచ్చి కెరీర్ గైడెన్స్ తరగతులు తీసుకునే కౌన్సెలర్లకు,

ఆర్యా,

నేను ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవారే. కాబట్టి క్షేమ సమాచారాలు ఇంతటితో ఆపి విషయానికి వస్తాను.

2025 డిసెంబరులో తిరుపతిలోని ఒక పాఠశాలలో పదో తరగతి పిల్లలకు కెరీర్ గైడెన్స్ కార్యక్రమం జరిగింది. మా తమ్ముడి మనవరాలు అక్కడే చదువుతోంది. పాత టీచరునని నన్నూ పిలిచారు. భోజనాల తర్వాత అబ్బాయిలను ఒక గదిలో, అమ్మాయిలను మరో గదిలో కూర్చోబెట్టారు. విడివిడిగా అయితే పిల్లలు బెరుకు లేకుండా మాట్లాడతారని చెప్పారు. నేను రెండు గదుల్లోనూ కాసేపు కూర్చున్నాను. అబ్బాయిల గదిలో కౌన్సెలర్ వేసిన మొదటి ప్రశ్న: ‘నీకు ఏమి కావాలని ఉంది?’ అమ్మాయిల గదిలో మొదటి ప్రశ్న: ‘మీ ఇంట్లో ఎంతవరకు చదివిస్తామన్నారు?’ అబ్బాయిలకు తెర మీద చూపించినవి పాలిటెక్నిక్, ఐఐటీ, ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే అకాడమీ), రైల్వే. అమ్మాయిలకు చూపించినవి నర్సింగ్, టీచర్ ట్రైనింగ్, బ్యాంకు పరీక్షలు, ఇంట్లో కూర్చుని చేసుకోగల కంప్యూటర్ పనులు.

ఆ కౌన్సెలర్ చెడ్డవాడేమీ కాదు. అమ్మాయిలను ‘తల్లీ’ అని పిలుస్తూ ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఆప్యాయతే. ముప్పై ఏళ్లు నేనూ సరిగ్గా అదే గొంతుతో మాట్లాడాను.

ఈ విషయమై సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి ఉలుకూ పలుకూ లేదు. రెండోదానికి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ ఎవరు పరిష్కరించారో, దేన్ని పరిష్కరించారో అందులో లేదు. దశలు చూపకుండా జవాబు మాత్రం రాసిన పేపరుకు నేను ఎన్నడూ పూర్తి మార్కులు వేయలేదు. అందుకే ఈ లేఖ.

మీ తప్పు ఎత్తి చూపే ముందు నాది చెప్పుకోవాలి. ఆ కార్యక్రమం నుంచి ఇంటికి వచ్చాక అటక మీది ఇనుప పెట్టె దించాను. క్లాస్ టీచరుగా ఉన్న ఏళ్లలో పిల్లల గురించి నోటుపుస్తకాల్లో రాసుకునే అలవాటు నాకుండేది. పేరు, లెక్కల్లో మార్కులు, తర్వాత ఏమి చదివితే బాగుంటుందో నా అభిప్రాయం. 2011 నాటి పుస్తకంలో ఒకే పేజీలో ఇద్దరు కనిపించారు. ఇద్దరికీ లెక్కల్లో 96. అబ్బాయి పేరు పక్కన ‘చురుకైనవాడు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయించాలి, తండ్రిని పిలిపించి మాట్లాడాలి’ అని ఉంది. అమ్మాయి పేరు పక్కన ‘అణకువ గల పిల్ల, ఓపిక ఎక్కువ, డీఎడ్ చేస్తే ఇంటికి దగ్గరలో ఉద్యోగం’ అని ఉంది. రెండూ నా చేతిరాతే.

ఆ అమ్మాయి ఎవరంటే, పాకాల వైపు ఒక పల్లెలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్ కూతురు. ఒకరోజు బడి మోటారు మూలుగుతోంది గానీ తిరగడం లేదు. కొత్తది కొనాలంటే ఎంతవుతుందని హెడ్మాస్టరు గారు లెక్కలు వేసుకుంటున్నారు. ఈ పిల్ల వరండాలో నిలబడి ఒక్క నిమిషం చెవి ఒగ్గి, ‘మోటారు కాలిపోలేదు టీచర్, కెపాసిటర్ పోయింది’ అంది. సాయంత్రం మెకానిక్ వచ్చి అదే తేల్చాడు. ఆ సంగతీ నోటుపుస్తకంలో రాశాను, ‘గమనించే గుణం ఉంది’ అని. అంత రాసిన నా కలానికి ఎలక్ట్రికల్ డిప్లొమా అనే మాట మాత్రం తట్టలేదు. అదే మాట ఒక అబ్బాయి అని ఉంటే ‘ఇంజనీరువి అవుతావురా’ అని వీపు తట్టి ఉండేదాన్ని. ఆ రోజుల్లో ఎవరైనా నన్ను ‘మీరు ఆడపిల్లలను తక్కువగా చూస్తారా’ అని అడిగి ఉంటే, వాళ్లను గేటు దాకా తరిమి ఉండేదాన్ని కూడా.

2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాల మేనేజరు ఉద్యోగానికి ఒకే ఒక్క దరఖాస్తు తయారుచేశారు. కొన్ని ప్రతుల మీద జాన్ అని, మిగతా వాటి మీద జెన్నిఫర్ అని పేరు వేసి 127 మంది సైన్సు ఆచార్యులకు చూపించారు. జాన్‌కు ఏడాదికి సగటున 30,238 డాలర్లు ఇవ్వవచ్చని వారు తేల్చారు. జెన్నిఫర్‌కు 26,508. అక్షరం తేడా లేని కాగితం. తక్కువ కట్టిన వారిలో మహిళా ఆచార్యులు మగవారికి ఏమాత్రం తీసిపోలేదు. ఒక్కొక్కరి చేతికి ఒక్క దరఖాస్తే వచ్చింది కనుక తమ తూకంలో తేడా ఉందని ఎవరికీ తెలిసే దారే లేదు. కాగితాలన్నీ పక్కపక్కన పేర్చాకే అది బయటపడింది. నాకూ ఒకే పేజీలో రెండు పేర్లు పడబట్టి తెలిసింది. విడివిడి పేజీల్లో ఉండి ఉంటే ఇప్పటికీ నేను సమదృష్టి గల టీచరుననే అనుకుంటూ ఉండేదాన్ని.

మనం నోటితో ఇచ్చే సలహా ఆ గదిలోనే పోతుంది. ఎవరికి ఏమి చెప్పామో ఎక్కడా ఉండదు. పిల్ల జీవితంలో మాత్రం అది ఉండిపోతుంది. ఎలా ఉండిపోతుందో, నేను చూసినంతలో చెబుతాను.

1. భద్రమైన దారి అని మనం చూపించేది అంత భద్రం కాదు. ఆ 96 మార్కుల అమ్మాయి నా మాట విని ఇంటర్ తర్వాత కార్వేటినగరంలో డీఎడ్ చేసింది. 2018 డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. తర్వాత డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో. 16,347 పోస్టులు, నిజమే, కానీ మధ్యలో ఏడేళ్లు పోయాయి. ఆ ఏడేళ్లూ ఆమె ప్రైవేటు బడిలో పనిచేసింది. కరోనా సమయంలో ఆ జీతం కూడా ఆగింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. 2025 పరీక్షా రాసింది, రాలేదు. ఈలోగా పదో తరగతి లెక్కల్లో తప్పిన ఆమె తమ్ముడు తండ్రి దుకాణం చూసుకుంటున్నాడు. పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె అక్కడ కూర్చుని జమాఖర్చులు రాస్తుంది. రైతులు మోటారు దించగానే చప్పుడు విని జబ్బు చెప్పేది ఇప్పటికీ ఆమేనట, బిల్లు మాత్రం తమ్ముడి పేరు మీద. నేను కలిసినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చింది. అనుంటే బాగుండేది.

2. పదిహేనేళ్లకు మూసిన తలుపు ఇరవైకి తెరుచుకోదు. ఎంపీసీ వద్దని బైపీసీలోకో సీఈసీలోకో పంపితే ఇంజనీరింగ్ ఒక్కటే కాదు పోయేది. ఎన్‌డీఏలో వైమానిక, నౌకా దళాలకు వెళ్లాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండి తీరాలి. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎన్‌డీఏ పరీక్ష అమ్మాయిలకు దక్కింది. 2022లో మొదటి జట్టు చేరింది, 2025లో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చింది. ఆ సంవత్సరమే డిసెంబరులో తిరుపతి బడిలో ఎన్‌డీఏ బొమ్మ అబ్బాయిల గదిలో మాత్రమే కనిపించింది. అమ్మాయిలు వద్దనుకోలేదు. వద్దనుకోవడానికైనా ముందు ఉందని తెలియాలి కదా.

3. ఇంట్లో డబ్బు మన మాట వెంట నడుస్తుంది. ‘వీడికి ఐఐటీ కోచింగ్ ఇప్పించండి, వీడు కొడతాడు’ అని టీచరు అంటే తండ్రి పశువులు అమ్మి అయినా హాస్టల్ ఫీజు కడతాడు. అక్కకు వీడికన్నా ఎక్కువ మార్కులు వచ్చినా ఆ మాట ఎవరూ అనలేదు కనుక ఆమె మండల కేంద్రంలోని కాలేజీకి వెళ్తుంది. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు కల్పించాల్సి వచ్చిందంటే, ఆ కొరత పరీక్ష హాలులో పుట్టింది కాదు. తిరుపతి ఐఐటీ 2015లో మొదలైంది, ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉంది. ఎర్రబస్సులో పోయి చూసి రాగల దూరంలో ఉన్న ఆ గేటును మన ఆడపిల్లల్లో ఎందరికి చూపించాం?

4. తెల్లవారుజామున పుత్తూరు, సత్యవేడు రోడ్ల మీద శ్రీసిటీ ఫ్యాక్టరీలకు వెళ్లే కంపెనీ బస్సుల నిండా అమ్మాయిలే ఉంటారు. రాత్రి షిఫ్టులు అమ్మాయిలకు పడవని మనం బడిలో చెబుతూనే ఉన్నాం. ఆ మాట వాళ్లను షిఫ్టు నుంచి తప్పించలేదు, డిప్లొమా నుంచి తప్పించింది. యంత్రం ముందు నిలబడే పని వాళ్లకు దొరికింది. ఆ యంత్రం ఆగితే బాగుచేసే టెక్నీషియను పని, దాని జీతం, వేరొకరికి దొరుకుతున్నాయి.

5. అబ్బాయిలూ నష్టపోతున్నారు. ఆ రోజు మొదటి గదిలో ఒక కుర్రవాడు లేచి నర్సింగ్ గురించి అడిగాడు. గదంతా నవ్వింది, కౌన్సెలరూ నవ్వాడు. ఇన్ని ఆసుపత్రులున్న తిరుపతిలో, రోగిని ఎత్తి పడుకోబెట్టడానికి మగ నర్సు కోసం వెతుక్కునే ఊళ్లో! పిల్లవాడు కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత చదువుల్లో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. సగానికి దగ్గర. 2023-24 శ్రామిక సర్వేకు వస్తే, పదిహేనేళ్లు దాటిన మగవారిలో 78.8 శాతం పనిలోనో పని వెతుకులాటలోనో ఉంటే, ఆడవారిలో 41.7 శాతమే. ఈ తేడాకంతటికీ కెరీర్ సలహాలే కారణమని అనను. లెక్కల టీచరును, ఒక్క చలరాశితో సమీకరణం ముగించను. కానీ అందులో మన వాటా ఎంతో కొంత ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

ఇక మీరు చెప్పే సమాధానాలు నాకు తెలుసు, నేనూ చెప్పినవే కనుక. ‘తల్లిదండ్రులే ఒప్పుకోరు’ అంటారు. ఒప్పుకోని తల్లిదండ్రులు ఉన్నారు, నిజమే. అయితే నా సర్వీసులో చాలాసార్లు వాళ్లు అడగకముందే వాళ్ల తరఫున నేనే కాదనేశాను. ‘దూరం, హాస్టల్, చీకటి పడ్డాక ప్రయాణం’ అంటారు. ఆ భయం అబద్ధమని నేను అనను. ఆడపిల్ల ఆరున్నర దాటినా ఇంటికి రాకపోతే వీధి చివర నిలబడే తల్లులను ఎరుగుదును, నేనూ నిలబడ్డాను. కానీ చూడండి, బస్సు లేకపోవడం రవాణా సమస్య. దానికి మందు బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు. ఛార్జీ బాధ తీరింది, సమయానికి బస్సు రావడం మిగిలింది. ఆ సంగతి డిపో మేనేజరుకు రాయాల్సిన ఉత్తరం. మనం ఆ ఉత్తరం రాయకుండా పిల్ల గ్రూపు మారుస్తున్నాం.

‘పెళ్లి’ అనే సమాధానం కూడా ఉంది. చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే, పద్దెనిమిదేళ్లకు భర్తను పోగొట్టుకుని చంటిబిడ్డతో మిగిలిన అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగమ్మాయిని ఆమె తండ్రి గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేర్పించారు. ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరు అయి భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల పని చేశారు. పట్టా మీద ‘అతడు’ అని అచ్చయి ఉంటే, కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దాల్సి వచ్చింది. కాలేజీ సీటు ఇచ్చినా కాగితంలో చోటు లేదు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో తిరుమలకు వెళ్లిన వాళ్లమంతా భోజనం చేస్తాం. ఆమె తన కాలంలో ఊరు ఇచ్చిన సలహా విని ఉంటే ఆ భవనానికి వేరే పేరు వెతకాల్సి వచ్చేది.

మంగళయాన్ రోజున సంబరపడిన ఇస్రో మహిళా ఉద్యోగుల ఫొటో, ఆ పట్టుచీరలతో, మన బడుల్లో చాలా గోడలకు ఉంది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. ఫొటో మాత్రం గోడ దిగి తరగతిలోకి రావడం లేదు.

నేను అడుగుతున్నవి ఇవి. అంకెలు పైనుంచే కొనసాగిస్తున్నాను, ఎందుకంటే వీటిలో ఒక్కటీ పైవాటితో సంబంధం లేనిది కాదు.

6. ప్రతి ఉన్నత పాఠశాలలో, జూనియర్ కళాశాలలో సలహాల రిజిస్టరు పెట్టండి. నాలుగు గడులు చాలు: పిల్ల లేదా పిల్లవాడు ఏమి అడిగారు, మీరు ఏమి చెప్పారు, ఎందుకు చెప్పారు, అప్పుడు గదిలో ఎవరున్నారు. ఒక ప్రతి విద్యార్థికి ఇవ్వండి. ‘ఎందుకు’ అనే గడిలో ‘అమ్మాయికి సౌకర్యంగా ఉంటుంది’ అని రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. ఆ వెనకాడడం కోసమే ఆ గడి. ఇంకో రిజిస్టరా అని మీరు నిట్టూర్చడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది. మధ్యాహ్న భోజనంలో గుడ్లకు రిజిస్టరు రాస్తున్నాం, పిల్లల బతుకుతెరువుకు రాయలేమా?

7. సంవత్సరాంతంలో ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని ఉపాధ్యాయులందరూ ఒక పూట కూర్చోండి. సమాన మార్కులు వచ్చిన అమ్మాయికి, అబ్బాయికి ఏమేమి చెప్పామో జతలుగా చూడండి. పిల్లల పేర్లు లేకుండా ఆ లెక్కను నోటీసు బోర్డులో పెట్టండి. ఎవరినీ శిక్షించమని అడగడం లేదు. ఇటలీలో ఎనిమిదో తరగతి లెక్కల టీచర్ల మీద జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. లెక్కలు మగపిల్లల సొత్తు అనే భావన లోలోపల బలంగా ఉన్న టీచర్ల దగ్గర చదివిన ఆడపిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు, తమ మీద తమకు నమ్మకం తగ్గి తేలికపాటి చదువులు ఎంచుకున్నారు. మరో పరిశోధనలో, వలస వచ్చిన కుటుంబాల పిల్లల పట్ల తమకున్న పక్షపాతం ఎంతో మార్కులు వేయడానికి ముందే తెలుసుకున్న టీచర్లు ఆ పిల్లలకు మునుపటికన్నా మెరుగైన మార్కులు వేశారు. తన తూకం ఎటు ఒరుగుతోందో తెలిస్తే సరిచేసుకునే టీచర్లు మనలోనూ ఉన్నారని నా నమ్మకం.

8. రెండు గదుల పద్ధతి మానండి. అమెరికాలో స్ట్రాంగ్ పేరుతో ప్రసిద్ధమైన వృత్తి అభిరుచి పరీక్షకు మగవారికొక పత్రం, ఆడవారికొక పత్రం విడిగా ఉండేవి. 1974లో రెంటినీ కలిపేశారు. అరవై మంది పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టడం మనకు అంతకన్నా కష్టమా?

9. పెళ్లి గురించి, ఇంటి పని గురించి, రాత్రి షిఫ్టు గురించి అడిగితే ఇద్దరినీ అడగండి. లేదా ఇద్దరినీ అడగకండి.

10. తల్లిదండ్రులను పిలవడానికి ముందు విద్యార్థి తన చేతితో తనకేమి కావాలో ఒక పేజీ రాయాలి. మాటల్లో పెద్దలు అడ్డు వస్తారు, రాతలో రారు.

11. పిల్లలతో మాట్లాడడానికి మనుషులను పిలిచేటప్పుడు చూసి పిలవండి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి మన తిరుపతిలోనే ఉంది, ఇంజనీరింగ్ విభాగంతో సహా. దేవస్థానం వారి మహిళా పాలిటెక్నిక్ ఉంది. అక్కడ చదివే అమ్మాయిని ఒక గంట పంపమంటే ఎవరూ కాదనరు. అలాగే ఏదైనా ఆసుపత్రి నుంచి ఒక మగ నర్సును పిలవండి. మన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల సమాచారం ఆధారంగా 2016లో వెలువడిన ఒక పరిశోధన, టీచరు మహిళ అయితే ఆడపిల్లలు మరికాస్త బాగా నేర్చుకుంటున్నారని, దానివల్ల మగపిల్లలకు నష్టమేమీ లేదని తేల్చింది. ఎదురుగా ఎవరు నిలబడ్డారన్నది పిల్లలు గమనిస్తారు.

12. దూరం, హాస్టల్, బస్సు కారణంగా ఏ అమ్మాయి అయినా తాను కోరిన చదువు మానుకుంటే, ఆ కారణాన్ని రిజిస్టరులో వేరుగా రాసి, ఏ ఊరి నుంచి ఏ వేళకు బస్సు లేదో జాబితా చేసి, ప్రధానోపాధ్యాయుని సంతకంతో డిపోకు, కలెక్టరు గారికి పంపండి.

పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉన్నాయి. ఫలితాలు వచ్చిన వారంలోనే సగం ఇళ్లలో గ్రూపు తేలిపోతుంది. రిజిస్టరు నమూనా ఒకటి నేనే గీసి ఉంచాను, ఒక పేజీ, ఎవరు అడిగినా ఇస్తాను. 2011 నోటుపుస్తకం కూడా తెచ్చి మీ బల్ల మీద పెడతాను, పిల్లల పేర్లు మాత్రం కప్పి. చదివి నన్ను తిట్టినా ఫరవాలేదు.

ఈ లేఖకు జవాబు ఏప్రిల్ నెలాఖరులోగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఫోనుకు సందేశం పంపవద్దు. కాగితం మీద రాయండి, దశలన్నీ చూపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
చిత్తూరు